డేరాలో పాతిపెట్టినదాన్ని పైకి తీయడం: రహస్య పాపాలను జయించడానికి సమగ్ర మార్గదర్శి

ఆకాను అనే ఇశ్రాయేలీయుడు తన నాయకుడు యెహోషువ ముందు నిలబడి చేసిన ఒప్పుకోలులో నాలుగు క్రియలు వరసగా వస్తాయి. చూశాను, ఆశపడ్డాను, తీసుకున్నాను, అవి దాచి ఉన్నాయి. ఎవరూ ముట్టకూడదని దేవుడు చెప్పిన యెరికో సొమ్ములోంచి అతను తీసుకున్నవి ఒక మంచి షీనారు పైవస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మి. వాటిని తన డేరా మధ్య నేల తవ్వి పాతిపెట్టాడు. వెండి అన్నిటికంటే అడుగున ఉంది.

ఆ వస్త్రాన్ని అతను ఒక్కరోజు కూడా కట్టుకోలేకపోయాడు. కట్టుకుంటే దొరికిపోతాడు. ఆ వెండితో ఏమీ కొనలేకపోయాడు. రహస్య పాపంతో బతుకు ఇలాగే ఉంటుంది. అనుభవిద్దామని తెచ్చుకున్నదానికి చివరికి కాపలా కాస్తూ కూర్చుంటాం.

యెహోషువ గ్రంథం 7వ అధ్యాయం చదివినప్పుడల్లా నా కన్ను ఆగేది ఆ రాత్రి దగ్గర. దొంగసొమ్ము పాళెంలో ఉందని దేవుడు యెహోషువతో చెప్పాడు, కానీ చీట్లు వేసేది మర్నాడు ఉదయం. మధ్యలో ఒక రాత్రి మొత్తం ఉంది. తెల్లవారాక కూడా ఒక్కసారిగా పేరు బయటికి రాలేదు. ముందు యూదా గోత్రం, తర్వాత జెరహీయుల వంశం, తర్వాత జబ్ది కుటుంబం, అప్పుడు ఆకాను. ఉచ్చు ఒక్కో అడుగూ దగ్గరవుతున్నా అతను నోరు విప్పలేదు. అతని పాపం వల్ల హాయి అనే పట్టణం దగ్గర ఓడిపోయిన యుద్ధంలో అప్పటికే 36 మంది చనిపోయి ఉన్నారు.

ఆ రాత్రి ఇంకా మిగిలి ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. మనలో చాలామంది రహస్యాన్ని అలాగే ఉంచుకుని పాపాన్ని మాత్రం మానేయాలని ఏళ్ల తరబడి ప్రయత్నిస్తాం. నేనూ అదే చేశాను. కొన్నేళ్లపాటు నా భార్యకు తెలియకుండా అప్పులు మోశాను. ఉపవాసం ఉన్నాను, కన్నీళ్లతో ప్రార్థించాను, ఇకమీదట చేయనని తీర్మానం మీద తీర్మానం చేసుకున్నాను. అంతా చేశాను గానీ ఎవరికీ చెప్పలేదు. అందుకే ఏదీ నిలవలేదు. పాపానికి కావలసిన తిండి ఆ చీకట్లోనే దొరుకుతుంది. చీకటిని ముట్టుకోకుండా పాపంతో పోరాడితే బలం మనకే తగ్గిపోతుంది. కింద చెప్పిన మెట్లన్నీ ఈ ఒక్క అనుభవం చుట్టూ కట్టినవే.

మొదలుపెట్టే ముందు: ఏది పాపం, ఏది కాదు

కీర్తన 19:12లో దావీదు రెండు మాటలు అడుగుతాడు. "తన పొరపాటులు కనుగొనగలవాడెవడు? నేను రహస్యముగా చేసిన తప్పులు క్షమించి నన్ను నిర్దోషినిగా తీర్చుము." ఇతరులకు తెలియనివి కొన్ని, మనకే తెలియనివి కొన్ని. అశ్లీల దృశ్యాలు, దొంగలెక్కలు, వివాహేతర సంబంధం, తాగుడు, బెట్టింగ్, ఇంట్లో మాత్రమే బయటపడే కోపం మొదటి రకం. మనకు పాపంగా కనబడనివి రెండో రకం. తోటి సేవకుడి పరిచర్య బాగా సాగుతుంటే లోపల పుట్టే మంట, ఒకరిని మనసులో ఏళ్లుగా క్షమించకపోవడం, చేసిన ఉపకారాన్ని లెక్కగట్టి గుర్తుచేయడం ఇందులోకి వస్తాయి. రెండో రకం ఎక్కువ ప్రమాదమని నా అభిప్రాయం. వీటిని మోస్తూ కూడా మనం ఆరాధనలో ముందు వరసలో హాయిగా కూర్చోగలం.

ఇక పాపం కానివి. చెడు తలంపు తలుపు తట్టినంత మాత్రాన అది పాపం కాదు. యేసు మనలాగే అన్నిటిలో శోధింపబడ్డాడు, అయినా పాపం లేనివాడు (హెబ్రీ 4:15). తట్టడం వేరు, తలుపు తీసి కూర్చోబెట్టడం వేరు.

మరొకటి ఉంది. దీన్ని నెమ్మదిగా చదవండి. చిన్నతనంలో గానీ తర్వాత గానీ మీమీద ఎవరైనా లైంగికంగా చెయ్యి వేసి ఉంటే, మిమ్మల్ని కొట్టి, బెదిరించి ఏదైనా చేయించి ఉంటే, అది మీరు దాస్తున్న పాపం కాదు. అది మీకు జరిగిన అన్యాయం. దానికి మీరు ఒప్పుకోలు ప్రార్థన చేయనక్కర్లేదు. సిగ్గు పడాల్సింది మీరు కాదు. మీకు కావలసింది రక్షణ, న్యాయం, ఓదార్పు. ఎవరైనా మీతో "క్షమించేసి ఊరుకో" అని మాత్రమే చెప్పి పంపేస్తే, ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. మీ మాట వినేవాళ్లు దొరికేదాకా వెళ్లండి.

మొదటి మెట్టు: వరస మార్చుకోవడం

"ముందు ఇది మానేస్తాను, శుభ్రపడ్డాక దేవుని దగ్గరికి వస్తాను" అనుకుంటాం. సువార్తలో వరస దీనికి తలకిందులు. మనం ఇంకా పాపులమై ఉండగానే క్రీస్తు మనకోసం చనిపోయాడు (రోమా 5:8). రోమా 7లో పౌలు "అయ్యో, నేనెంత దౌర్భాగ్యుడను" అని మొత్తుకుంటాడు. ఆ వెంటనే వచ్చే 8వ అధ్యాయం "ఏ శిక్షావిధియు లేదు" అని మొదలవుతుంది. ముందు ఆ మాట విని, ఆ తర్వాతే పోరాటానికి దిగాలి. శిక్ష భయంతో పోరాడేవాడు దొరక్కుండా ఉండటమే గెలుపు అనుకుంటాడు. తండ్రి తనను వదలడని నమ్మినవాడికే నిజం చెప్పే ధైర్యం వస్తుంది.

ఈ మెట్టు దాటకుండా మిగతావి చేయకండి. చేస్తే అవన్నీ పాపానికి మీరు కట్టుకునే జరిమానాల్లా తయారవుతాయి.

రెండో మెట్టు: పేరు పెట్టి రాయడం

ఒక సాయంత్రం గంటసేపు ఒంటరిగా కూర్చోండి. ఫోను వేరే గదిలో పెట్టండి. కీర్తన 139 చివరి రెండు వచనాలు ప్రార్థనగా చదవండి: "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము." తర్వాత ఒక కాగితం తీసుకుని, మనసుకు వచ్చింది రాయండి.

రాసేటప్పుడు మన భాషే మనకు దాక్కునే చోటు ఇస్తుంది. "తప్పు జరిగిపోయింది" అంటాం, ఎవరూ చేయకుండానే జరిగినట్టు. "పడిపోయాను" అంటాం, ఎవరో తోసినట్టు. సంఘంలో అయితే ఇంకో మాట ఉంది, "బలహీనత". "నాలో కొన్ని బలహీనతలున్నాయి, ప్రార్థన చేయండి" అంటే అందరూ తల ఊపుతారు, ఏమిటని ఎవరూ అడగరు. ఆ మాట కింద ఎన్ని పాతిపెట్టామో! ప్రవక్త నాతాను ఎదుట దావీదు "నేను పాపము చేసితిని" అన్నాడు. ఆకాను కూడా చూశాను, ఆశపడ్డాను, తీసుకున్నాను అని తననే కర్తగా చెప్పాడు. మీరు కూడా "నేను" అని మొదలుపెట్టి "చేశాను" అని ముగించండి. ఏమి చేశారు, ఎవరి పట్ల, ఎన్నాళ్లుగా, దాన్ని కప్పడానికి ఎన్ని అబద్ధాలు ఆడారు. నేను రాసిన మొదటి వాక్యం "డబ్బు విషయంలో జాగ్రత్తగా లేను" అని. దాన్ని కొట్టేసి "నేను మూడేళ్లుగా నా భార్యకు అబద్ధం చెబుతున్నాను" అని రాయడానికి ఆ గంటలో సగం పట్టింది. రెండో వాక్యం రాసినప్పుడే చెయ్యి వణికింది.

రాసిన కాగితాన్ని ఒప్పుకోలు అయ్యాక చించేయొచ్చు. అంతవరకు జాగ్రత్తగా ఉంచండి.

మూడో మెట్టు: పాపం నడిచొచ్చే దారి పట్టుకోవడం

దావీదు పతనం పరాయివాడి భార్య బత్షెబను చూసినప్పుడు మొదలుకాలేదు. 2 సమూయేలు 11వ అధ్యాయం మొదటి వచనం చూడండి. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలం, సైన్యం వెళ్లింది, దావీదు మాత్రం యెరూషలేములో ఉండిపోయాడు. రెండో వచనంలో సాయంత్రం పడక మీదనుంచి లేచి మిద్దె మీద నడుస్తున్నాడు. ఉండాల్సిన చోట లేకపోవడం, చేయడానికి పని లేకపోవడం, సాయంత్రం, ఒంటరితనం. చూపు ఆ తర్వాత వచ్చింది.

మీకూ అలాంటి మిద్దె ఒకటి ఉంటుంది. రెండు వారాలపాటు గమనించండి. శోధన వచ్చినప్పుడు టైం ఎంత, ఎక్కడున్నారు, దానికి ముందు గంటలో ఏం జరిగింది? కొందరికి అలసట. కొందరికి ఎవరో అవమానించిన రోజు. కొందరికి, వింతగా ఉన్నా ఇది నిజం, పరిచర్య బాగా జరిగి అందరూ మెచ్చుకున్న రోజు రాత్రి. యాకోబు 1:14-15 చెప్పే వరస ఇదే. దురాశ ఈడుస్తుంది, మరులు కొల్పుతుంది, గర్భం ధరించి పాపాన్ని కంటుంది, పాపం పరిపక్వమై మరణాన్ని కంటుంది. గర్భంలో ఉన్నప్పుడే గుర్తుపడితే పోరాటం చిన్నది.

ఇంకో ప్రశ్న వేసుకోండి: ఈ పాపం నాకు ఏమిస్తానని మాటిచ్చింది? నాకు అది గౌరవం. అడిగినవాడికల్లా లేదనకుండా ఇస్తాడన్న పేరు కోసం నా దగ్గర లేని డబ్బు అప్పు తెచ్చి ఇచ్చేవాణ్ణి. అప్పు పైకి కనబడేది, లోపల వేరు మాత్రం మనుషుల మెప్పు. వేరు తెలియకపోతే ఒక పాపం మానేసి ఇంకోటి పట్టుకుంటాం.

నాలుగో మెట్టు: దేవుని ముందు ఒప్పుకోవడం

నోరు తెరిచి, పైకి వినబడేలా ఒప్పుకోండి. మనసులో చేసే ఒప్పుకోలు తొందరగా అస్పష్టమైపోతుంది. మాటలు దొరక్కపోతే కీర్తన 51ని మీ సొంత మాటలతో కలిపి చదవండి, మీ కాగితంలోని వాక్యాలు మధ్యమధ్యలో చేర్చండి.

1 యోహాను 1:9 ఆయన "నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక" క్షమిస్తాడంటుంది. దయగలవాడు గనుక అనలేదు. ఎందుకని చాలాకాలం ఆలోచించాను. సిలువలో వెల చెల్లిపోయింది కాబట్టి మన క్షమాపణ ఇప్పుడు దేవుని నీతి మీద నిలబడి ఉంది. ఈ రోజు ఆయన మనసు ఎలా ఉందో అన్న అనుమానానికి అక్కడ తావు లేదు.

దుఃఖాన్ని మాత్రం పరీక్షించుకోండి. 2 కొరింథీ 7:10లో రెండు రకాల దుఃఖాలున్నాయి. దొరికిపోతానేమో, పరువు పోతుందేమో అన్నది లోకసంబంధమైన దుఃఖం. అది ప్రమాదం దాటగానే ఆవిరైపోతుంది. దేవుణ్ణి నొప్పించాను, ఫలానా మనిషిని గాయపరిచాను అన్నది మారుమనస్సు తెచ్చే దుఃఖం. ఎవరికీ ఎప్పటికీ తెలియదని ఖాయమైనా ఇది మానాలనుకుంటానా? ఈ ప్రశ్నకు వచ్చే జవాబు ఏ దుఃఖమో చెప్పేస్తుంది.

తొలి శతాబ్దాల క్రైస్తవ వేదాంతి అగస్టీను తన యౌవనం గురించి రాసుకుంటూ ఒక మాట ఒప్పుకున్నాడు. నాకు పవిత్రత ఇవ్వు, కానీ ఇప్పుడే వద్దు అని ప్రార్థించేవాడట. మనం కూడా ఇలాగే ఒక తలుపు కొంచెం తీసి ఉంచుతాం. ఒక ఫోను నంబరు తీసేయం, ఒక యాప్ ఉంచుకుంటాం. ఒప్పుకునేటప్పుడు ఆ తలుపు పేరు కూడా చెప్పండి. అగస్టీను 386లో మిలాన్‌లోని తోటలో రోమా 13:13-14 చదివినప్పుడు ఆ "ఇప్పుడే వద్దు" తెగిపోయింది. అప్పటికి అతనికి 31 ఏళ్లు.

ఐదో మెట్టు: ఒక మనిషికి చెప్పడం

అందరూ ఆగిపోయేది ఇక్కడే. "దేవునికి చెప్పాను కదా, మనుషులకెందుకు?" అంటారు. క్షమాపణకు దేవుడు చాలు, మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే, అందులో సందేహం లేదు. కానీ యాకోబు 5:16 చూడండి: "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి, మీరు స్వస్థత పొందునట్లు ఒకనికొరకు ఒకడు ప్రార్థన చేయుడి." యోహాను చెప్పినచోట క్షమాపణ, యాకోబు చెప్పినచోట స్వస్థత. క్షమించబడి కూడా స్వస్థత లేకుండా ఏళ్లు గడిపేవాళ్లు ఉన్నారు. కారణం చాలాసార్లు ఇదే.

ఎవరికి చెప్పాలి? ప్రసంగం బాగా చెప్పేవాళ్లందరూ దీనికి పనికిరారు. సామెతలు 11:13 ప్రకారం గుట్టు కాపాడే మనిషి కావాలి. గలతీ 6:1 ప్రకారం, తను కూడా శోధింపబడతానేమోనని తనను తాను చూసుకునే మనిషి కావాలి. ఇతరుల రహస్యాలు మీతో చెప్పే వ్యక్తి మీ రహస్యాన్ని కూడా ఇంకొకరితో చెబుతాడు, కాబట్టి అతన్ని వదిలేయండి. పురుషులు పురుషులతో, స్త్రీలు స్త్రీలతో చెప్పుకోవడం క్షేమం. మీ పాపం విని తేలిగ్గా నవ్వేసేవాళ్లు వద్దు, విని మీమీద పెత్తనం చేసేవాళ్లు అసలే వద్దు. పాస్టరుగారు కావచ్చు, సంఘపెద్ద కావచ్చు, ఏళ్లుగా నమ్మకంగా నడుస్తున్న ఒక సాధారణ విశ్వాసి కావచ్చు.

ఎలా చెప్పాలి? ముందు ఒక సందేశం పంపండి: "అన్నా, నేను ఎవరికీ చెప్పని ఒక విషయం మీతో ఒప్పుకోవాలి. ఈ వారం గంట టైం ఇవ్వగలరా? నేను వెనక్కి తగ్గితే మీరే అడగండి." ఆఖరి వాక్యం ముఖ్యం. కలిసేలోపు మనసు వంద సాకులు వెదుకుతుంది. కలిశాక మంచిచెడ్డలతో కాలం గడపకుండా మొదటి ఐదు నిమిషాల్లోనే కాగితంలోని మొదటి వాక్యం చదివేయండి. సగం చెప్పి ఆగకండి. చిన్నది చెప్పి పెద్దది దాచుకోవడం చాలామంది చేస్తారు. అప్పటికి తేలికగా అనిపిస్తుంది, కానీ దాచుకున్న సగం రెట్టింపు బలంతో ఉండిపోతుంది. అలాగని పాపపు వివరాలను బొమ్మ కట్టినట్టు వర్ణించనక్కర్లేదు. వినేవారికి అది శోధన కాకూడదు.

ఒక్కసారి చెప్పి ఊరుకోకండి. మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ 1738 డిసెంబరులో చిన్న బృందాలకు నియమాలు రాశాడు. యాకోబు చెప్పిన ఆ మాటను పాటించడమే మా కూడికల ఉద్దేశమని ముందే పెట్టాడు. వాళ్లు వారానికి ఒకసారైనా కలవాలి, కలిసిన ప్రతిసారీ కొన్ని ప్రశ్నలు ఒకరినొకరు అడగాలి. పోయిన కూడిక తర్వాత తెలిసి ఏ పాపాలు చేశారు? ఏ శోధనలు ఎదురయ్యాయి? వాటినుంచి ఎలా తప్పించబడ్డారు? చివరికి, దాచుకోవాలని కోరుకుంటున్నది ఏమీ లేదా? ఆ చివరి ప్రశ్నకు సమాధానం చెప్పాల్సి ఉంటుందని తెలిసి గడిపే వారం వేరుగా ఉంటుంది. మీరిద్దరూ ఒకరినొకరు ఇవే అడగొచ్చు.

నేను ముందు ఒక సంఘపెద్దకు చెప్పాను. ఆయన ప్రార్థించి, "ఇది ఇంట్లో చెప్పేదాకా పూర్తి కాదు, ఏ రోజు చెబుతావు?" అని తేదీ అడిగారు. ఆ రోజు రాత్రి నా భార్య ఆరిన బట్టలు మడత పెడుతోంది. పక్కన కూర్చుని, కాగితం చూసి చదివాను. ముఖం చూసి చెప్పే ధైర్యం లేదు. తన చేతిలో నా చొక్కా ఉంది. మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది. ఎంత అప్పు అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. "ఎప్పట్నుంచి?" అంది. డబ్బు కంటే ఆ మూడేళ్లే తనకు పెద్ద నష్టమని అప్పుడు అర్థమైంది. చాలాసేపటి తర్వాత, నా వైపు చూడకుండా, "రేపట్నుంచి ఆ ఫోన్లు బయటికెళ్లి మాట్లాడకండి. ఇక్కడే కూర్చుని మాట్లాడండి" అంది.

రెండు హెచ్చరికలు. వివాహంలో నమ్మకద్రోహం చేసి ఉంటే, ఎప్పుడు, ఎలా చెప్పాలో ముందు అనుభవజ్ఞుడైన కాపరితో గానీ కౌన్సెలర్‌తో గానీ మాట్లాడండి. చెప్పగానే వదిలేసి వెళ్లడం కాకుండా, విన్నవారి పక్కన నిలబడే మనుషులు కూడా ఉండేలా చూడండి. అయితే "సరైన సమయం" అనే మాటను ఏళ్లకు ఏళ్లు సాగదీయకండి. రెండోది, మీరు చేసింది నేరమైతే, ముఖ్యంగా పిల్లలకు హాని చేసి ఉంటే, ప్రార్థనగదిలో ఒప్పుకోవడంతో అది అయిపోదు. చట్టం ముందు నిలబడటం కూడా మారుమనస్సులో భాగమే. అలాంటిది విన్నవారు గుట్టు కాపాడే పేరుతో దాచకూడదు. పిల్లల భద్రతే ముందు.

ఆరో మెట్టు: తిరిగి ఇచ్చేయడం

లేవీయకాండం 6వ అధ్యాయం ప్రకారం మోసంతో తీసుకున్నవాడు మూలధనంతో పాటు అయిదో వంతు కలిపి ఇవ్వాలి, అదీ అపరాధ పరిహారార్థబలి అర్పించే రోజే. బలిని ఇవాళ అర్పించి, సొమ్ము తర్వాత చూద్దాం అనడానికి వీల్లేదు. పన్ను వసూలుదారు జక్కయ్య ధర్మశాస్త్రం అడిగినదాన్ని దాటి నాలుగంతలు ఇస్తానన్నాడు. రక్షణ కొనుక్కోవడానికి కాదు, యేసు అప్పటికే అతని ఇంట్లోకి వచ్చేశాడు.

డబ్బైతే లెక్క కట్టండి. ఒక్కసారి ఇవ్వలేకపోతే వాయిదాలు రాసివ్వండి. ఒకరి గురించి చెడుగా చెప్పి ఉంటే, ఎవరితో చెప్పారో వాళ్లందరి దగ్గరికి వెళ్లి ఆ మాట వెనక్కి తీసుకోండి. ఇది డబ్బు తిరిగి ఇవ్వడం కంటే కష్టం. పరీక్షలో, ఉద్యోగంలో, లెక్కల్లో తప్పుడు కాగితం పెట్టి ఉంటే సలహా తీసుకుని సరిచేయండి. ఒకరి మీద మీకున్న అసూయ వాళ్లకు తెలియకపోతే, దాన్ని వెళ్లి చెప్పి వాళ్ల మనసు పాడుచేయనక్కర్లేదు. దేవునికీ, మీరు ఒప్పుకున్న ఆ మనిషికీ, అంటే మీ తోడుకూ చెప్పండి, వాళ్ల అభివృద్ధి కోసం పేరు పెట్టి ప్రార్థించండి.

ఏడో మెట్టు: సరఫరా తెంచేయడం

రోమా 13:14 శరీరేచ్ఛలను నెరవేర్చుకోవడానికి "శరీరము విషయమై ఆలోచన చేసికొనకుడి" అంటుంది. అంటే దానికి ముందస్తు ఏర్పాటు చేయొద్దని. కుడికన్ను అభ్యంతరపరిస్తే పెరికివేయమన్నప్పుడు యేసు అవయవాలు కోసుకోమనలేదు, బేరాలాడొద్దన్నాడు.

కాబట్టి బేరం లేకుండా చేయండి. పడకగదిలో ఫోను పెట్టుకోకండి. అశ్లీల సైట్లను అడ్డుకునే సెట్టింగు పెట్టి, దాని పాస్‌వర్డు మీ తోడు చేత పెట్టించండి, మీకు తెలియకూడదు. బెట్టింగ్ యాప్ ఖాతాను పూర్తిగా మూసేయండి. డబ్బు పాపమైతే ఖాతా వివరాలు ఇంకొకరు చూసేలా ఉంచండి. తప్పు సంబంధమైతే ఆఖరి వీడ్కోలు సమావేశం పెట్టుకోకండి, అది ఎప్పుడూ ఆఖరిది కాదు. యోసేపు తన యజమాని భార్య దినదినం అడుగుతున్నా ఆమె దగ్గర ఉండటానికి కూడా ఒప్పుకోలేదు. చివరికి పట్టుకున్నప్పుడు వాదించకుండా వస్త్రం ఆమె చేతిలో వదిలేసి పారిపోయాడు. ఆకాను ఒక వస్త్రం దాచుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు, యోసేపు ఒక వస్త్రం పోగొట్టుకుని చెరసాలకు వెళ్లాడు. పవిత్రతకు కూడా వెల ఉంటుంది, ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి.

తాగుడు, మత్తుపదార్థాల విషయంలో ఒక మాట. బాగా అలవాటుపడిన శరీరం ఒక్కసారిగా మానితే ప్రాణాపాయం కూడా రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మానండి. వైద్యం చేయించుకోవడం విశ్వాసం లేకపోవడం కాదు.

ఎనిమిదో మెట్టు: ఖాళీ ఇంటిని నింపడం

అపవిత్రాత్మ వదిలిపోయిన ఇల్లు ఊడ్చి అమర్చి ఖాళీగా ఉంటే, అది తనకంటే చెడ్డవి ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగొస్తుందని యేసు చెప్పాడు (మత్తయి 12:43-45). పాపం ఖాళీ చేసిన గంటను అదే గంటలో నింపాలి. రాత్రి పదకొండు మీకు గండమైతే, పదిన్నరకు మీ తోడుతో ఫోనులో ప్రార్థించే ఏర్పాటు పెట్టుకోండి.

మత్తయి 6వ అధ్యాయంలో యేసు దానధర్మం, ప్రార్థన, ఉపవాసం మూడింటి గురించీ ఒకే మాట అన్నాడు: రహస్యమందు చూచు నీ తండ్రి. రహస్యంలో బతకడం మనకు బాగా అలవాటైంది కదా, ఆ అలవాటును ఇక్కడికి తిప్పండి. ఎవరికీ తెలియకుండా ఒకరికి సాయం చేయండి, ఎవరికీ చెప్పకుండా ఒక పూట ఉపవాసం ఉండి ప్రార్థించండి. ఇకమీదట దొంగతనం చేయక, అక్కరగలవారికి పంచిపెట్టడానికి కష్టపడాలని ఎఫెసీ 4:28 దొంగకే చెబుతోంది. తీసుకున్న చేతులతోనే ఇవ్వాలి. సహవాసం మానకండి, ప్రభువు బల్ల దగ్గరికి పరీక్షించుకుని రండి.

మళ్లీ పడితే

పడవచ్చు. ముఖ్యంగా మొదటి కొన్ని నెలల్లో. నేను కూడా ఒప్పుకున్న ఐదో నెలలో ఒకరికి మాటిచ్చి చిన్న అప్పు మళ్లీ తెచ్చాను. అప్పటికి మేం పెట్టుకున్న నియమం ఒకటే: పడిన రోజే చెప్పాలి, నిద్రపోయేలోపు. పతనం ఒక రోజు దాచితే మళ్లీ రహస్యమవుతుంది, రహస్యమైతే పాత ఇల్లు మళ్లీ కట్టుకుంటుంది. ఆ రాత్రి చెప్పాను. నా భార్య కోప్పడింది. మర్నాడు ఇద్దరం వెళ్లి ఆ డబ్బు తిరిగిచ్చేశాం.

పేతురూ, ఇస్కరియోతు యూదా ఒకే రాత్రి ప్రభువును విడిచారు, ఇద్దరూ బాధపడ్డారు. యూదా ఒంటరిగా వెళ్లిపోయాడు. పేతురు ఏడ్చి, మళ్లీ మిగతా శిష్యుల దగ్గరికి వచ్చాడు, అక్కడే ప్రభువు అతనికి దొరికాడు. "నేను క్రిందపడినను తిరిగి లేతును" అని మీకా 7:8 శత్రువుకు ఇచ్చే జవాబు. ఆ వచనం కంఠతా పెట్టుకోండి. పడిన రాత్రి బైబిలు తెరిచే ఓపిక ఉండదు. చచ్చిపోతే బాగుండునన్న తలంపు వస్తే మాత్రం ఒంటరిగా ఉండకండి, వెంటనే ఒకరిని పిలవండి, డాక్టరు సహాయం తీసుకోండి.

కొందరికి దీనికి ఎదురు సమస్య ఉంటుంది. ఒప్పుకున్న పాపాన్నే రోజుకు పదిసార్లు ఒప్పుకుంటారు, సరిగ్గా చెప్పానో లేదో అని మళ్లీ మొదలుపెడతారు. వాళ్లు ఇంకా లోతుగా తవ్వకూడదు. ఒకసారి ఒప్పుకున్నదాన్ని మళ్లీ ఎత్తకూడదని ఒక కాపరి మాటకు లోబడటం వాళ్ల విశ్వాస క్రియ. అది ఆగకపోతే మానసిక వైద్యుల సహాయం కూడా అవసరం కావచ్చు.

మా ఇంట్లో ఇప్పుడు ఒక నోటుపుస్తకం ఉంది. నెలకోసారి ఇద్దరం కూర్చుని ఇచ్చింది రాసి, మిగిలింది లెక్క చూస్తాం. ఇంకా ఏడు వాయిదాలున్నాయి. ఫోను మోగితే కూర్చున్నచోటే ఎత్తుతున్నాను.